సిమెంటు మిద్దె మీద మన్ను

"ఈ స్లాబు నా బిడ్డ మెడ విరిచేస్తుంది, చూస్తూ ఉండండి" అంది అగాతా.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున్నే పొడిగాలి దుమ్ము లేపుతోంది. లోగిట్లో గిన్నీకోళ్లు గోల చేస్తున్నాయి. ఏడేళ్ల విడా బడి గౌను వేసుకుని, అరుగు మీద కూచుని, రాత్రి మిగిలిన జొన్న సంకటిని గోంగూర పులుసులో ముంచుకుని నింపాదిగా తింటోంది. ఆ పిల్ల మెడ నిక్షేపంగా అటూ ఇటూ తిరుగుతోంది. అయినా తల్లి కళ్లు ఆ మెడ మీదే ఉన్నాయి.

"ఎండలింకా ముదరనే లేదు కదే తల్లీ" అంది వేరుశనక్కాయలు ఒలుస్తున్న అత్త కతిగా. "వానొస్తే పిల్ల కొట్టుకుపోతుందంటావు. ఎండొస్తే మాడిపోతుందంటావు. మరి ఏ కాలంలో బతకమంటావు దాన్ని?"

"రేడియోలో నర్సమ్మ చెప్పింది మీరూ విన్నారుగా అత్తా. మెడ పట్టేసే జ్వరం ఉడికిపోయే గదుల్లో పడుకునేవాళ్లకే ముందు తగులుతుందట. మధ్యాహ్నం నా గదిలో రొట్టె పెడితే కాలుతుంది."

"అయితే కాల్చు. కట్టెలు కలిసొస్తాయి."

అత్త నోటికి అడ్డులేదు. కానీ అగాతా గదిలో రొట్టె కాలుతుందన్న మాట అబద్ధం కాదు.

పాగా అనే ఊరి బయట, జొన్నచేల మధ్య ఉన్న ఆ లోగిళ్లన్నిటిలోకీ సిమెంటు స్లాబు ఉన్నది అగాతాకి ఒక్కదానికే. మిగతావన్నీ మట్టి మిద్దెలు. దుంగలు పరిచి, పుల్లలు పేర్చి, పైన జానెడు మన్ను వేసి, ఆడవాళ్లంతా వరసగా కూచుని దిమ్మిస చెక్కలతో పాటపాడుతూ కొట్టి చదును చేసినవి. ఏటేటా వానలకి ముందు ఒకళ్ల మిద్దె మీద ఒకళ్లు ఎక్కి కొట్టుకోవాలి. అగాతా మొగుడు అపియు టొమాటో లారీ తోలతాడు. కుమాసీ పట్నం పోయి వచ్చినప్పుడల్లా సిమెంటు బస్తాలు దింపి, దింపి, చివరికి స్లాబు పోయించాడు. ఆ రోజు అగాతా కాళ్లు నేల మీద లేవు. పని చేసినవాళ్లకి జొన్నకల్లు కాస్తూ, మంట చాలకపోతే, కాపురానికి వచ్చిన కొత్తలో అత్త తన చేతిలో పెట్టిన దిమ్మిస చెక్కని తీసుకొచ్చి పొయ్యిలో పెట్టేసింది.

"ఇక నా కప్పు మీద మీ చెక్కలతో పని లేదమ్మా, ఎవరూ నడుములు పడేసుకోనక్కర్లేదు" అంది నవ్వుతూ.

అందరూ నవ్వారు. ఒక్క కాదువా నవ్వలేదు. కాదువా అపియు అన్నగారి భార్య, అగాతాకి తోడికోడలు. మిద్దె కొట్టేటప్పుడు పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. పొయ్యిలో చెక్క అంటుకునేదాకా చూసి, వెళ్లి కుండలు కడుక్కుంది.

ఎండలు ముదిరాయి. స్లాబు పొద్దంతా ఎండ తాగి, ఆ వేడిని మరీ ఎక్కువగా ఇంట్లోకి కక్కసాగింది. ఫాను తిప్పితే సంకటి గరిటె కలియబెట్టినట్టు వేడినే కలియబెట్టేది. మూలన ఉన్న చిన్న ఫ్రిజ్జులో అగాతా గోంగూర పూల షరబత్తు సంచుల్లో కట్టి గడ్డకట్టించి బడి దగ్గర అమ్ముతుంది. ఆ ఫ్రిజ్జు ఊపిరి తీసుకోకుండా మూలుగుతూనే ఉండేది. దాని వెనక చెయ్యి పెడితే కాలేది. షరబత్తు మాత్రం సగం గడ్డ, సగం నీళ్లు. ముందే డబ్బు కట్టి మీటర్లో వేయించుకున్న కరెంటు ఎటు పోయేదో పోయేది. విడా వీపంతా చెమటకాయలు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన పిల్ల కనిపించలేదు. బావి, రోడ్డు, లారీ, కుక్క, పాము, ఒక్కొక్కటే అగాతా కళ్ల ముందు తిరిగాయి. లోగిలంతా పిలుస్తూ తిరిగి, చివరికి కాదువా గది ముందు వంగింది. ఆ గదికి గుమ్మం మోకాలెత్తు మించి ఉండదు. పాకి లోపలికి పోవాలి.

లోపల చీకటి. ఆ చీకటి చల్లగా ఉంది. ఫాను లేదు, కరెంటు తీగ కూడా లేదు. ఒక మూల నీళ్లకుండ చెమర్చి కూచుంది. చాప మీద విడా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పక్కన కాదువా అలసందలు ఏరుకుంటోంది. పిల్ల చెయ్యి కాదువా మోకాలి మీద ఉంది.

"ఇక్కడుందా? నేను ఊరంతా..."

"ష్" అంది కాదువా. "ఇప్పుడే కునుకు పట్టింది."

అగాతా పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. ఏ తల్లి అయినా సంతోషించాలి. అగాతా చూపు మాత్రం కాదువా మోకాలి మీదున్న పిల్ల చెయ్యి దగ్గరే ఆగింది. ఆ చెయ్యి ఇన్నేళ్లూ తన మోకాలి మీద పడుకున్న చెయ్యి.

అప్పటినుంచి రోజూ అదే వరస. బడి నుంచి రావడం, సంచీ విసిరెయ్యడం, పాక్కుంటూ పెద్దమ్మ గదిలోకి పోవడం. కాదువాకి పిల్లలు లేరు. బావగారికి పొలం తప్ప వేరే ధ్యాస లేదు. పొద్దుగూకాక విడా ఇంటికి వస్తే దాని ఒంటి మీద కాదువా రాసుకునే షియా గింజల నూనె వాసన. మాట కూడా మారింది. "ఊరుకో అమ్మా, దిగులు పొయ్యి మీద పెట్టుకుంటే కుండ మాడుతుంది" అంటోంది, అచ్చం కాదువా అన్నట్టే, పెదవి పక్కకి లాగి.

"ఆ గదిలో ఏముందే అంత?" అని అడిగింది అగాతా ఒక సాయంత్రం, జడ వేస్తూ, కాస్త గట్టిగానే లాగి.

"అక్కడ గాలి పడుకుంటుందమ్మా. మన గదిలో గాలి ఏడుస్తుంది."

అగాతా చెయ్యి ఆగిపోయింది. ఇంత కష్టపడి కట్టుకున్న గది, ఊళ్లో అందరూ తలెత్తి చూసే స్లాబు. అందులో గాలి ఏడుస్తుందట! ఆ మట్టి గుహలో పడుకుంటుందట! మరునాడు తానూ ఒకసారి కాదువా గుమ్మం దగ్గర నిలబడి చూసింది. లోపలి నుంచి ఇద్దరి నవ్వులు వినిపించాయి. ఏ మాటకి నవ్వుకుంటున్నారో తెలియలేదు. తెలియకపోవడం మరీ కాల్చింది.

బోరింగు దగ్గర జరిగింది ఆ మరునాడే. ఆడవాళ్లు బేసిన్లు వరసలో పెట్టుకుని నిలబడ్డారు. పక్కింటి అడిసా పంపు కొడుతోంది. అడిసాకి నోరు ఊరుకోదు.

"ఏం వదినా, మీ విడాకి ఇద్దరమ్మలా? నిన్న పెద్దమ్మ వీపెక్కి సంతకి వెళ్తోంది. ఏడేళ్ల గాడిద! నన్నూ ఎక్కించుకోమని అడిగాను, వినదే కాదువా."

అందరూ నవ్వారు. కాదువా కూడా నవ్వి "నిన్నెక్కించుకుంటే సంతకి కాదు, ఎముకల వైద్యుడి దగ్గరికి పోవాలి" అంది.

అగాతా నవ్వలేదు. లోపల ఎన్నాళ్లనుంచో ఉడుకుతున్నది పొంగింది.

"నా బిడ్డకి ఏం పెట్టావక్కా? నీ గడప వదిలి రావడం లేదు?"

పంపు ఆగింది. నీళ్లు బేసిన్ అంచు మీద బొట్లు బొట్లుగా పడే చప్పుడు వినిపించింది. ఆ ఊళ్లో ఆ మాట ఉత్త మాట కాదు. పిల్లలు లేని ఆడదాన్ని పట్టుకుని, ఒకరి పిల్లకి ఏం పెట్టావని పదిమందిలో అడిగితే, ఆ మాటకి కాళ్లొస్తాయి. రేపు ఎవరి పిల్లకో కడుపునొప్పి వస్తే ఆ మాట లేచి ఆవిడ గుమ్మం ముందు నిలబడుతుంది. అగాతాకి ఆ సంగతి తెలుసు. నోరు దాటాకే గుర్తొచ్చింది.

కాదువా సగం నిండిన బేసిన్ నెత్తికెత్తుకుంది. ఎవరివైపూ చూడలేదు. వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి కాదువా అగాతాతో మాట్లాడలేదు. తిట్టలేదు, ఎదురుపడితే తప్పుకోలేదు. ఉత్తినే మాట్లాడలేదు. మధ్యాహ్నం కాగానే తన గుమ్మానికి లోపలినుంచి తడక అడ్డం పెట్టుకునేది. విడా వచ్చి తడక తట్టేది. "పెద్దమ్మా... పెద్దమ్మా, నేనే." తడక కదిలేది కాదు.

అగాతా గెలిచింది. గెలిచి ఏం బావుకుంది? పిల్ల స్లాబు గదిలోకి వచ్చిందా? రాలేదు. కాదువా గది గోడ నీడలో, గోడకి వీపు ఆనించి, మోకాళ్లలో తల పెట్టుకుని కూచునేది. ఆ గోడకి కాదువా ఆ ఏడాది కొత్తగా రంగులు వేసుకుంది. ఎర్రమన్ను, తెల్లసుద్ద, నల్లరాయి నూరిన రంగు, గిన్నీకోడి ఈకతో దిద్దిన, పగిలిన సొరబుర్ర ముక్కల్ని పోలిన బుర్రకాయ పెంకుల ముగ్గు. దాని మీద డావాడావా చెట్టు కాయల తొక్కలు కాచిన కషాయం పూసి మెరిపించింది. పిల్ల తన వేలితో ఆ గీతలే దిద్దుకుంటూ కూచునేది.

"లోపలికి రావే, తలకి ఎండ కొడుతుంది."

"నీడగానే ఉంది."

"నీడ జరుగుతుందే!"

"నేనూ జరుగుతా."

అదీగాక, కాదువా నీళ్లు మోసుకుంటూ పోతుంటే, ఒక పడుచు తల్లి చంటిబిడ్డని చటుక్కున కొంగు చాటుకి లాక్కోవడం అగాతా కళ్లారా చూసింది. మాటకి కాళ్లు రావడం మొదలైందన్నమాట. ఆ రాత్రి అన్నం సహించలేదు. వెళ్లి మాట్లాడదామా అనుకుంది. మోకాలి మీద చెయ్యి గుర్తొచ్చి మనసు మళ్లీ రాయి చేసుకుంది. ముందు నా గది చల్లబడాలి, ఆవిడ గదికన్నా చల్లబడాలి, పిల్ల తనంతట తనే రావాలి, తరవాత చూద్దాం. అదీ ఆమె లెక్క.

పక్క ఊరు నవ్రోంగోలో ఫ్రిజ్జులమ్మే దుకాణం వెనక పారేసిన తెల్ల థర్మోకోల్ పలకలు బేరమాడి, మోటారు రిక్షాలో వేయించుకుని తెచ్చింది. స్లాబు మీద పరిచి రాళ్లు పెట్టింది. మర్నాడు గాలి లేచింది. పలకలు తెల్లకొంగల్లా ఎగిరి జొన్నచేలో వాలాయి. మిగిలినవాటిని గిన్నీకోళ్లు ఎక్కి పొడిచి పొడిచి పిండి చేశాయి.

"ఈ ఏడు గుడ్లు తేలిగ్గా ఉంటాయిలే" అంది అత్త. అని, ఒలుస్తున్న కాయలు పక్కన పెట్టింది. "ఎందుకే ఈ అవస్థ? ఆ సిమెంటు మీద మన్ను వెయ్యి. కింద కుండపెంకులు, సజ్జదంట్లు పరుచు, వాటి సందుల్లో గాలి నిలుస్తుంది. పైన మన్ను కొట్టించు. ఎండ మన్నులోనే అలిసిపోతుంది, నీ గదిదాకా రాదు."

"ఆ బరువుకి స్లాబు కూలి పిల్ల మీద పడితే?"

"నీ మొగుణ్ణి అడుగు. మేస్త్రీ తెలుసు కదా వాడికి."

అపియు ఫోనులో మేస్త్రీని అడిగి చెప్పాడు. బెత్తెడు మందం వరకూ ఫరవాలేదట, తూము వైపు వాలు మాత్రం పెట్టాలట. అగాతా మళ్లీ రెండుసార్లు ఫోను చేయించి అడిగించింది. మేస్త్రీ విసుక్కుని, అంత భయమైతే ఆరుబయట పడుకోమన్నాడు.

"మరి ఆడవాళ్లని పిలువు" అంది అత్త.

పిలవడం అంటే నోటితో పిలవడం కాదు. ఆ లోగిళ్లలో, మిద్దె కొట్టించుకునే ఇల్లాలు తన దిమ్మిస చెక్క పట్టుకుపోయి ఇంటింటి గడప మీదా పెడుతుంది. వచ్చేవాళ్లు దాన్ని ఎత్తి తిరిగి చేతికిస్తారు. రానివాళ్లు దాటుకుని పోతారు. అగాతా చెక్క కల్లుకుండ కింద బూడిదైంది. ఉన్నా సరే, మొదటి గడప పాట ఎత్తే మనిషిది. ఆ గడప కాదువాది.

"నాకెవ్వరూ అక్కర్లేదు" అంది అగాతా.

ఇటుకలు కోసే ఇద్దరు మగాళ్లని పట్టుకొచ్చి మన్ను పైకి మోయించింది. పెంకులూ దంట్లూ ఎవరు ఏరుతారని వదిలేసింది. నున్నటి సిమెంటు మీదే మన్ను పోయించి, నీళ్లు కుమ్మరించి, రోకలితో తనే కొట్టింది. ఎండలో ఒక మూల కొట్టి రెండో మూలకి వెళ్లేసరికి మొదటి మూల ఎండి నెర్రెలిచ్చేది. మళ్లీ నీళ్లు, మళ్లీ రోకలి. అరచేతులు బొబ్బలెక్కాయి. వాలు సంగతి మరిచేపోయింది. గోడ దగ్గర కూచున్న విడా తలెత్తి చూసి మళ్లీ మోకాళ్లలో తల పెట్టుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, మామిళ్లు పండకముందే వచ్చే ఒంటి వాన వచ్చింది. కాసేపే. కానీ విరుచుకు పడింది. స్లాబు మీది మన్ను పాయసంలా జావైంది. నున్నటి సిమెంటు మీద దానికి పట్టేముంది? తూము వైపు పోకుండా, ఎటు పల్లమైతే అటు జారింది. పల్లం పక్కనే ఉన్న కాదువా గది వైపుంది. ఎర్రటి బురద పిట్టగోడ సందుల్లోంచి దూకి, ఆ రంగుల గోడ మీదుగా, బుర్రకాయ పెంకుల ముగ్గు మీదుగా, పైనుంచి కిందిదాకా పారింది.

వాన వెలిశాక అగాతా బయటికి వచ్చి చూసింది. కాదువా అప్పటికే గోడ ముందు కూచుని పెంకుతో బురద గోకుతోంది. బురదతోపాటు రంగూ ఊడి వస్తోంది. విడా పక్కనే నిలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది. "పెద్దమ్మ గోడ పోయిందమ్మా!"

అగాతా దగ్గరికి వెళ్లింది. "అక్కా."

పెంకు గోకుతూనే ఉంది.

"తిట్టక్కా. నాలుగు తిట్టు. కావాలంటే కొట్టు."

కాదువా చేతి పెంకు విరిగింది. ఇంకో పెంకు వెతుక్కుని మళ్లీ గోకడం మొదలుపెట్టింది. ఆ వీపు చూస్తూ నిలబడినప్పుడు అగాతాకి మొదటిసారి భయం వేసింది. జ్వరం గురించీ కాదు, స్లాబు గురించీ కాదు. ఈవిడ ఇక బతికినంతకాలం నాతో మాట్లాడకపోతే? నా బిడ్డ పెద్దదై, ఈ గోడ గుర్తుంచుకుని, నన్ను ఇలాగే వీపుతో చూస్తే?

మర్నాడు పొద్దున్నే వట్టి చేతులతో బయల్దేరింది. ముందు అడిసా గడప.

"వదినా, నా దగ్గర చెక్క లేదు. కాల్చుకున్నాను."

"తెలుసులే. ఆ రోజు కల్లు మాత్రం భేషుగ్గా కాగింది" అంది అడిసా. నవ్వి, మళ్లీ నవ్వు ఆపేసింది. "మేం వస్తాం. మట్టి పని ఎవరిదైనా ఒకటే. కానీ పాటెవరు ఎత్తుతారు?"

అగాతా పక్క గడపకి నడిచింది. అన్ని గడపలూ తిరిగింది. ఆఖరికి ఇంటికొచ్చి, విడా పడుకునే చాప చుట్ట చుట్టి, పట్టుకెళ్లి కాదువా గడప మీద పెట్టింది. చెక్క పెట్టవలసిన చోట చాప.

"పాడమని కాదక్కా" అంది గుమ్మం ముందు వంగి, లోపలి చీకటితో. "మిద్దె ఎక్కకపోయినా సరే. పిల్లకి తడక తియ్యి. చాలు."

కాదువా పాకుతూ బయటికి వచ్చింది. చాపని ఎత్తలేదు, తొయ్యలేదు. దాటుకుని, రంగుమట్టి కోసం గంపతో వాగు వైపు వెళ్లిపోయింది. చాప గడప మీదే ఉంది.

మిద్దె పని రోజు ఆడవాళ్లు చీకటి విడవగానే వచ్చారు. మొన్నటి జావ మన్నంతా గీకి పారేశారు. సిమెంటు మీద కుండపెంకులు బోర్లించి, సజ్జదంట్లు పరిచి, గులకమన్ను వేసి, పైన పేడ కలిపి నానబెట్టిన మెత్తటి మన్ను పరిచారు. తూము వైపు వాలు అత్త కతిగా కింద నిలబడి కర్రతో చూపించింది. అడిసా ఒక పాత చెక్క తెచ్చి అగాతా ఒళ్లో పడేసింది. "మా అత్తది. దీన్ని కాలిస్తే మాత్రం నిన్ను కాలుస్తా."

వరసగా కూచున్నారు. విడా కూడా దుంగ నిచ్చెన ఎక్కి, చీపురుతో నీళ్లు చల్లుతానని కూచుంది. కొట్టడం మొదలైంది. కొట్టడమంటే కొట్టడమే, పాట లేదు. ఒకరి చెక్క ముందు పడుతుంది, ఒకరిది వెనక. ఇక్కడ గుంట, అక్కడ గుబ్బ. వరస ముందుకి జరగవలసినప్పుడు సగం మంది జరిగారు, సగం మంది జరగలేదు.

"ఇది మిద్దెనా, మొసలి వీపా?" అంది అడిసా. "ఎవరైనా ఎత్తండర్రా."

ఎవరూ ఎత్తలేదు. కాదువా ఉండగా ఎత్తితే బాగుండదని అందరికీ తెలుసు. కాదువా కిందనే ఉంది. తన గోడ ముందు కూచుని, ఈక ముంచి, చెరిగిపోయిన ముగ్గు మళ్లీ దిద్దుకుంటోంది. పిట్టగోడ మీదుగా ఆవిడ తలపాగా కొస కనిపిస్తోంది. అగాతా ఆ కొస వైపు చూసింది. ఆ కొస కదల్లేదు.

అగాతాకి పాట రాదు. చర్చిలో కూడా పెదవులే కదుపుతుంది. అయినా చెక్క ఎత్తి, గొంతు బొంగురుగా పెట్టి మొదలెట్టింది.

"బోరింగు కాడ నోరు జారిందెవరే?"

చెక్కలన్నీ ఆగిపోయాయి. ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అగాతా ఒక్కతే కొట్టింది. టప్. మళ్లీ పాడింది.

"బోరింగు కాడ నోరు జారిందెవరే?"

అడిసా ముందు అందుకుంది, పెద్దగా. "నువ్వే అగాతా, నువ్వే!"

"ఏం పెట్టావని అడిగిందెవరే?"

ఈసారి అందరూ. "నువ్వే అగాతా, నువ్వే!" చెక్కలన్నీ ఒక్కసారి పడ్డాయి. మిద్దె గుభీమంది.

"అసూయతోటి కుళ్లిందెవరే?"

"నువ్వే అగాతా, నువ్వే!" ఈ మాట ఆడవాళ్లకి మరీ నచ్చినట్టుంది. రెండుసార్లు అన్నారు. కింద అత్త కూడా కర్ర నేలకేసి కొట్టింది. చంటిబిడ్డని కొంగు చాటుకి లాక్కున్న పడుచు తల్లి తలొంచుకుని, మిగతావాళ్లకన్నా గట్టిగా కొట్టింది. అగాతా మొహం మండిపోతోంది. మన్ను మీద పడుతున్నవి చెమట చుక్కలో, కంటి చుక్కలో ఎవరికీ తెలియదు. ఆపలేదు.

"పెద్దక్క పెట్టింది ఏమిటేమిటే?"

దీనికి జవాబు ఏమిటో ఎవరికీ తెలియలేదు. పాట ఒక్క క్షణం గాలిలో వేలాడింది. విడా చీపురు ఎత్తి పట్టుకుని, సన్నటి గొంతుతో అంది.

"నీడే అమ్మా, నీడే!"

"నీడే అగాతా, నీడే!" అన్నారు అందరూ.

వరస కదిలింది. అగాతా పాడుతూనే ఉంది. చరణాలు అయిపోతే మొదటినుంచి ఎత్తుకుంది. మిద్దె సగం చదునైంది. మూడు వంతులైంది. పైన పూసే డావాడావా కషాయం బానల్లో సిద్ధంగా ఉంది. పొద్దు నెత్తిమీదికి వచ్చింది. కింద తలపాగా కొస ఈ గీత నుంచి ఆ గీతకి జరగడం తప్ప, ఒక్క మాట రాలేదు. అగాతా గొంతు జీరపోయి చివరికి పాట గుసగుసగా మిగిలింది. ఆడవాళ్లే ఆ గుసగుసని పట్టుకుని కొడుతున్నారు. ఆవిడ వినలేదేమో. విని, విననట్టు ఊరుకుందేమో. ఇంత మంది ముందు ఒప్పుకున్నా కూడా చాలదేమో. చాలకపోతే ఇంకేం ఇవ్వాలో అగాతాకి తోచలేదు.

ఆఖరి వరస పిట్టగోడ దగ్గరికి వచ్చింది, కాదువా గది వైపు మూలకి. అక్కడినుంచి కిందికి చూస్తే ఆ గడప కనిపిస్తుంది. చూడటానికి అగాతాకి ధైర్యం చాలలేదు. తలొంచుకుని ఆ మూల కొట్టింది.

"ఆ మూల నీళ్లు తగ్గించమను" అంది కిందినుంచి ఒక గొంతు.

చెక్కలు ఆగాయి.

"మళ్లీ నా గోడ మీదికే పారిస్తావేమిటే, అడ్డగాడిదా? చల్లేది పిల్లా, చెరువా? దాన్ని దించు, నెత్తి మాడిపోతోంది." కాదువా ఈక నోట్లో పెట్టుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. ఈక తీసింది. "లోపల చాప వేశాను. పడుకుంటుంది."

అగాతా పిట్టగోడ పట్టుకుని వంగింది. గడప మీద చాప లేదు. తడక పక్కకి తీసి ఉంది. విడా అప్పటికే దుంగ నిచ్చెన దిగుతోంది.

"అక్కా..." అంది అగాతా.

కాదువా మళ్లీ గోడ వైపు తిరిగి ఈక రంగులో ముంచింది. గీత సగం లాగి, తల తిప్పకుండానే అంది.

"నీ మిద్దె ఆరేదాకానే."